మా గోడలు - మీ పటాలు

ఇంటి గోడకు ఏ పటం తగిలించుకోవాలన్నది కూడా ఒక సమస్యేనా అని అడిగే మిత్రులున్నారు. అది సమస్య కాని ఇళ్లలో పుట్టినవాళ్లు వాళ్లు. మాకు మాత్రం ఊహ తెలిసినప్పట్నించీ అది సమస్యే.

1992 డిసెంబరులో మాకు పదకొండేళ్లు. నల్లగొండలో కిరాయి ఇల్లు. వీధి వైపు గదిని అబ్బా దీవాన్‌ఖానా అనేవారు. పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. అంత పెద్ద పేరు మోయగల గది కాదది. అందులో మూడు పటాలుండేవి. తలుపుకెదురుగా మక్కా-మదీనా. దానికి కుడివైపు బురాఖ్. కుర్చీల వెనక తాజ్‌మహల్; బట్టల షాపువాళ్లిచ్చిన క్యాలెండర్ బొమ్మను దాదీమా కత్తిరించి పటం కట్టించింది. ఆ నెల ఏడో తారీఖు పొద్దుగూకాక అబ్బా స్టూలెక్కి మక్కా పటం దించారు. ఎందుకని అమ్మీ అడగలేదు. దాన్ని తీసుకెళ్లి లోపలి గదిలో బియ్యం డబ్బా పైన తగిలించారు. ఖాళీ అయిన మేకుకు స్విట్జర్లాండు వచ్చింది. మంచుకొండలు, చెరువు, చెరువొడ్డున ఎర్రకప్పు ఇల్లు. ఆ ఇంట్లో ఎవరుంటారో, వాళ్లు ఏ దేవుణ్ని మొక్కుతారో ఎవరికీ తెలీదు. అందుకే ఆ పటం మా ముందుగదిలో పద్నాలుగేళ్లు ఉండగలిగింది.

ఆ రోజుల్లో ఎంతమంది సాయిబుల ఇళ్లలో స్విట్జర్లాండు వెలిసిందో లెక్కలు ఎవరూ తీయలేదు. మేం వెళ్లిన ఇళ్లలో మాత్రం చాలాచోట్ల చూశాం. కొన్నిళ్లలో జలపాతం, కొన్నిళ్లలో గులాబీల పక్కన పిల్లికూన. మతం లేని పటాలు. ముందుగదికి అవి, లోపలి గదికి మేము.

పట్నం వచ్చి పత్రికలో చేరాక ఉర్దూ నుంచి తెలుగుకీ తెలుగు నుంచి ఉర్దూకీ మార్చి రాయడం మా ఉద్యోగమైంది. ఇంటి అలంకరణ పేజీలూ మా చేతికొచ్చేవి. సోఫా వెనక పటం సోఫా పొడవులో మూడింట రెండొంతులు ఉండాలి. పటం నడిమి భాగం నేల నుంచి సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తులో, అంటే నిలబడ్డ మనిషి చూపుకు సమంగా రావాలి. చిన్న పటాలు నాలుగైదుంటే ముందు నేల మీద పరిచి, వరస కుదిరాకే మేకులు కొట్టాలి. గాజు నేరుగా బొమ్మకు తగలకూడదు, మధ్య అట్ట అంచు ఉండాలి, లేకపోతే వానాకాలం చెమ్మకు కాగితం గాజుకు అతుక్కుపోతుంది. ఎండ పడే గోడకు కాగితపు బొమ్మ పనికిరాదు.

ఇవన్నీ నిజాలే. వాటిని మేం ఎగతాళి చేయడం లేదు. ఎండ సంగతి మా ఇంట్లోనే రుజువైంది. అచ్చు బొమ్మలో పసుపూ ఎరుపూ ముందు వెలిసిపోతాయి, నీలం మిగుల్తుంది. వీధి గదిలో స్విట్జర్లాండు కొన్నేళ్లకు నీలిరంగు నీళ్లలో ముంచి తీసినట్టయ్యింది. ఎర్రకప్పు ఇల్లు కూడా నీలమైంది. చీకటి గదిలో బియ్యం డబ్బా పైనున్న మక్కా మాత్రం కొన్నప్పటి రంగుల్తోనే ఉంది. దాచిపెట్టడం వల్ల బతికిన పటమది.

మా అభ్యంతరం ఒకటే. ఆ పేజీలు రాసేవాళ్లు గోడ మనదేనన్న నమ్మకంతో రాస్తారు. మాకు హైదరాబాదులో ఇల్లు చూపించిన వాళ్లలో సగంమంది పేరు అడగ్గానే ఇల్లు వేరేవాళ్లకు మాటిచ్చామన్నారు. చివరికి ఇచ్చిన పెద్దాయన మంచివాడే. రెండు షరతులు పెట్టాడు. గోడలకు రెండుకంటే ఎక్కువ మేకులు కొట్టొద్దు. తలుపుకెదురుగా 'మీవి' పెట్టొద్దు, వచ్చేపోయేవాళ్లుంటారు. మొదటి షరతు హైదరాబాదులో కిరాయిదారులందరికీ ఉన్నదే. రెండోది మాకు ప్రత్యేకం.

పటాల గురించి మాట్లాడేటప్పుడు ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. ప్రింట్ అనే ఒకే మాటను మనం రెండు వేరు వస్తువులకు వాడుతున్నాం. చిత్రకారుడే రాగిరేకు మీదో రాతి మీదో సిల్కు తెర మీదో బొమ్మ సిద్ధం చేసి, ఇన్నే ప్రతులని లెక్క పెట్టుకుని అచ్చుతీసి, అడుగున పెన్సిల్‌తో ప్రతి నంబరూ సంతకమూ పెడితే అది ఒకటి. అందులో ప్రతి ఒక్కటీ అసలుదే. లక్ష్మాగౌడ్ బరోడాలో చదువుకొని వచ్చి చేసిన ఎచింగులు అట్లాంటివి. తాటిచెట్లూ మేకలూ మోటు మనుషులూ నల్లసిరాలో గీతగీతగా ఉంటారు వాటిలో. రెండోది, ఎక్కడో ఉన్న రంగుల చిత్రాన్ని ఫోటో తీసి యంత్రం మీద ఎన్ని కావాలంటే అన్ని గుద్దడం. ఇప్పుడు కాన్వాస్ గుడ్డ మీదే గుద్దుతున్నారు కాబట్టి దూరం నుంచి తేడా తెలీదు. దగ్గరకెళ్లి చూస్తే కుంచె గుర్తులుండవు, చుక్కలుంటాయి. మొదటిది ఖరీదనుకుని అందరూ రెండోదానికి పోతారు. ఫైనార్ట్స్ కాలేజీ పిల్లల ప్రదర్శనకెళ్లి చూడండి, పెద్ద మాల్‌లో అమ్మే కాన్వాస్ గుడ్డ ధరకే ఓ పిల్లో పిల్లాడో సంతకం పెట్టిన ఎచింగు దొరుకుతుంది.

అట్లని యంత్రపు బొమ్మను తీసిపారేసే పెద్దమనిషి తనం మాకు లేదు. మా దాదీమా చూసిన కళంతా యంత్రం మీద వచ్చిందే. 1894లో రవివర్మ బొంబాయిలో ప్రెస్సు పెట్టి, రంగుకో రాయి చొప్పున అచ్చులు గుద్దించి లక్ష్మినీ సరస్వతినీ బజార్లోకి తెచ్చాడు. ఆ అచ్చుబొమ్మల వల్ల గుడి గడప దాటనివ్వని కులాల ఇళ్లకు కూడా దేవుళ్లు వచ్చారు. ఆ దారిలోనే కొండయ్యరాజు లాంటి చిత్రకారులూ, తర్వాత శివకాశీ ఆఫ్‌సెట్ యంత్రాలూ వచ్చాయి. ఆ యంత్రాలే మా మక్కానూ గుద్దాయి. మా ఇంటి పటం కింద మూలన శివకాశీ ప్రెస్సు పేరు ఇప్పటికీ చదవొచ్చు. ఒక షీటు మీద మురుగన్, ఇంకో షీటు మీద మదీనా పచ్చగుంబద్. మక్కాకీ మదీనాకీ మధ్య నాలుగొందల కిలోమీటర్ల పైనే ఎడారి. మా పటంలో రెండూ ఒక గోడ పంచుకున్న పక్కిళ్లలా ఉంటాయి. పైన గులాబీరంగు మబ్బులు, కింద పూలగుత్తులు. ఆ మబ్బులు లక్ష్మీదేవి వెనక మబ్బులే. ఆ పూలు కూడా ఆ తోటవే. హజ్‌కు పోలేని దాదీమా ఆ మబ్బుల కింద కూర్చొని తస్బీ తిప్పేది.

కళా విమర్శకులు దీన్ని 'క్యాలెండర్ ఆర్ట్' అని ఒక మాటతో కొట్టేస్తారు. మా మౌల్వీలు దీన్ని 'బిద్అత్' అని ఇంకో మాటతో కొట్టేస్తారు. ఈ విషయంలో ఇద్దరికీ పేచీ లేదు.

బురాఖ్ సంగతి చెప్పాలి. మేరాజ్ రాత్రి ప్రవక్తను మోసిందని చెప్పే వాహనం. పటంలో దానికి గుర్రం ఒళ్లు, రెక్కలు, నెమలి పింఛం, ఆడమనిషి మొగం, నెత్తిన కిరీటం. ఆ మొగం మా చిన్నప్పటి సినిమా నాయికల్లో ఎవరిదో తేల్చుకోలేక మేమూ మా చెల్లీ కొట్లాడుకున్నాం. 1992లో అబ్బా మక్కాను దించినా బురాఖ్‌ను దించలేదు. చూసేవాళ్లు దాన్ని ఏదో కామధేనువు అనుకుంటారని ధీమా. దాన్ని దించింది మావాళ్లే, అయిదారేళ్ల తర్వాత. జమాత్ వచ్చింది, ఇంటికొచ్చి కూర్చుంది, తస్వీర్ ఉన్న ఇంట్లోకి ఫరిష్తాలు రారన్న హదీసు చెప్పింది. దాంతో బురాఖ్ పోయింది. మామూ ఇంట్లో బాణాలు గుచ్చుకున్న దుల్‌దుల్ గుర్రం పోయింది. అజ్మీరు ఖ్వాజా దర్గా పటం కూడా పోయింది, అందులో మనిషి బొమ్మ లేకపోయినా. ముందుగదిలో మమ్మల్ని బయటివాళ్లు ఏరితే లోపలి గదిలో మావాళ్లు ఏరారు. ఇద్దరూ ఏరగా మిగిలినవాడు ముస్లిం.

మా మిత్రుడొకరు కర్నూలు వైపు దూదేకులాయన. వాళ్లింట్లో వెంకటేశ్వరస్వామీ మక్కా ఒకే గోడ మీద ఉండేవి. రెండు పటాలకూ వాళ్ల నాయిన ఒకే అగరొత్తు వెలిగించేవాడు. ఆ ఇంటికొచ్చిన తురకలు, వెంకన్నను తీస్తేనే మీరు మాలో కలుస్తారన్నారు. ఊరివాళ్లు, మక్కాను తీస్తే పూర్తిగా మావాళ్లే కదా అన్నారు. ఉర్దూ ఇంట్లో మాట్లాడే మాలాంటివాళ్లం కూడా ఆ రోజు ఆయన్ను చూసి నవ్వినవాళ్లమే. మేం రాసే అస్తిత్వ వ్యాసాల్లో ఆ నవ్వు ఎక్కడా కనపడదు. ఇక్కడ రాసి పెడుతున్నాం.

పటాలు పోయిన చోట తుగ్రాలొచ్చాయి. తుగ్రా అంటే అందంగా అల్లి రాసిన అక్షరాల పటం. ఆయతుల్ కుర్సీ, బిస్మిల్లా, అల్లా-ముహమ్మద్. మా హైదరాబాదులో దీనికి పెద్ద చరిత్రుంది. ఛత్తాబజార్‌లో కాతిబులు వెదురు కలంతో రాస్తుంటే పక్కన నిలబడి చూసేవాళ్లం. ఏటవాలుగా జారే నస్తలీఖ్ వేరు, నిలువునా లేచే సులుస్ వేరు. ఒక అక్షరం కడుపులో ఇంకో అక్షరం కూర్చుంటుంది. చోటు చాలనప్పుడు మాట పైకెక్కి కూర్చుంటుంది. ఇది బొమ్మ వద్దన్న చోట బొమ్మకంటే గొప్పగా పుట్టిన కళ. 1994లో ఇన్‌పేజ్ వచ్చాక ఉర్దూ పత్రికలూ పెళ్లికార్డులూ కంప్యూటరెక్కాయి, కాతిబుల చేతిలో పని పోయింది. ఇప్పుడు బజార్లో దొరికే తుగ్రాలు నల్ల వెల్వెట్టు మీద బంగారు రేకు గుద్దినవి, ప్లాస్టిక్కు చట్రంలో చిన్న లైట్లు వెలిగి ఆరేవి. అక్షరం చూస్తే జీవం లేదు. ఒకచోట నుఖ్తా కూడా తప్పింది, మేం చూపిస్తే షాపాయన 'ఎవరు చదువుతారు సాబ్' అన్నాడు.

ఆయన మాటలో నిజముంది. తుగ్రాను మేం చదవం. ఎందుకంటే తలకంటే పైన, వీలైతే తలుపు పైన, కప్పుకు దగ్గరగా తగిలిస్తాం. అది అదబు. కాళ్ల వైపు ఉండొద్దు, పడగ్గదిలో ఉండొద్దు. అలంకరణ పేజీ 145 సెంటీమీటర్లంటుంది, మా అదబు ఏడడుగులంటుంది. ఏడడుగుల ఎత్తులో సన్నటి అక్షరాలు ఎవరికి కనపడతాయి? ఇరవై ఏళ్లు మా నెత్తిమీదున్న ఆయతును ఒక్కసారి కూడా కళ్లతో చదవని ఇళ్లు మాకు తెలుసు. అదబు వదలమని మేం అనడం లేదు. కాని చదవదగ్గ కాగితాన్ని చూపుకందేట్టు ఇంకాస్త కిందకి తేవడం బేఅదబీ కాదు. పుస్తకాన్ని రెహల్ మీద పెట్టుకుని చదివేది మోకాలి ఎత్తులోనే కదా. మంచి అక్షరం కావాలంటే ఇప్పటికీ రాసేవాళ్లు అక్కడక్కడా ఉన్నారు. వెతికి, నాలుగు రూపాయలు ఎక్కువిచ్చి రాయించుకోండి. ఒకటి చాలు. గోడకు నాలుగు అక్కర్లేదు.

ఇక బయటి గోడలకొద్దాం. ఈ ఇరవై ఏళ్లలో తెలుగు మధ్యతరగతి డ్రాయింగురూముల్లోకి మా సరుకు బాగానే చేరింది. స్టార్ హోటళ్ల లాబీల్లో రాజా దీన్‌దయాళ్ తీసిన నిజాం కాలపు ఫోటోల ప్రింట్లు. రెస్టారెంట్లలో డేగ పట్టుకుని గుర్రమెక్కిన చాంద్‌బీబీ. బీజాపూరు, గోల్కొండ సుల్తానుల చిత్రాలకు ఇప్పుడు విదేశీ మ్యూజియాల్లో గొప్ప గౌరవం, ఇక్కడ టీ కప్పుల మీద కూడా ప్రింట్లు. ఎక్కడ చూసినా చార్మినార్. 1591 నాటి ఆ కట్టడాన్ని ఇంత అందంగా ఎవరు చూపిస్తున్నారని మేం దగ్గరికెళ్లి చూస్తే మనుషుల్లేరు. గాజులమ్మే మనిషి లేడు, జామపళ్ల బండి లేదు, బురఖాలో బేరమాడే ఆడది లేదు. పొద్దున్నే ఎవరూ లేవకముందు తీసి, మిగిలినవాళ్లను కంప్యూటర్లో చెరిపేశారు. చార్మినార్ కావాలి, దాని కింద బతికేవాళ్లు అక్కర్లేదు. ఆ పటం కట్టించుకున్న ఇంటి యజమానులు కొందరు పాతబస్తీ మొగం చూడక పదేళ్లయ్యిందని గొప్పగా చెప్పినవాళ్లే. 2024లో రాష్ట్ర చిహ్నంలోంచి చార్మినార్‌నూ కాకతీయ తోరణాన్నీ తీసేస్తారన్న మాట వచ్చినప్పుడు మాత్రం అందరూ కలిసి గొడవ చేశారు. అదొక ఊరట.

తెలంగాణ వచ్చాక, అంటే 2014 తర్వాత, డ్రాయింగురూముకు ఇంకో బొమ్మ వచ్చి చేరింది. వైకుంఠం గీసిన ఆడవాళ్లు. నిండు బొట్టు, చిక్కటి రంగుల చీర, ముక్కుపుడక, చేతికి కడియాలు, నల్లని ఒళ్లు. బూరుగుపల్లిలో తన తల్లినీ చుట్టూ ఉన్న ఆడవాళ్లనూ చూసి గీశాడాయన. నల్లటి ఒళ్లు అందమని తెలుగు గోడల మీద ఒప్పించిన చిత్రకారుడని మాకు గౌరవం. ఆయన చూసింది ఆయన గీశాడు. అందులో తప్పులేదు. మా పేచీ కొని తగిలించేవాళ్లతో. ఆ ఒక్క బొమ్మను తగిలించి 'ఇదీ మన తెలంగాణ' అంటారు. బీడీలు చుట్టి వేళ్లు పసుపెక్కిన ఖాలా ఏ తెలంగాణ? గాజుల మలారం భుజానేసుకుని ఊళ్లు తిరిగి, పెళ్లిళ్లలో అన్ని కులాల ఆడవాళ్ల చేతులకూ గాజులు తొడిగిన మా నానీమా ఏ తెలంగాణ? ఆ మొగాలు ఏ ప్రింటులోనూ లేవు. నవాబులున్నారు, బేగములున్నారు, మేం లేం. ఈ మాట మా చిత్రకారులతో కూడా అంటున్నాం. వాళ్లలో ఎక్కువమంది గుర్రాలూ గుంబదులూ గీస్తూ కూర్చున్నారు.

గుర్రాలంటే హుసేన్. ముస్లిం పేరున్న చిత్రకారుడి ప్రింటు ముస్లిమేతరుల ఇంట్లో కనపడితే అది తొంభై పాళ్లు హుసేన్ గుర్రమే. బొంబాయిలో సినిమా హోర్డింగులు గీసి పైకొచ్చిన మనిషి. లోహియా చెప్పాడని, హైదరాబాదులో బద్రీవిశాల్ పిత్తీ అండతో, ఏళ్ల తరబడి రామాయణం గీసిన మనిషి. తర్వాత బంజారాహిల్స్‌లో సినిమా ఘర్ పెట్టుకుని మా వీధుల్లో చెప్పుల్లేకుండా తిరిగినవాడు. 1996లో ఆయన పాత సరస్వతి రేఖాచిత్రం ఒక పత్రికలో వచ్చాక కేసులు, అహ్మదాబాదులో ఆయన చిత్రాల మీద దాడి. 2006లో దేశం విడిచి వెళ్లాడు. 2008 మే నెలలో ఢిల్లీ హైకోర్టు ఆయన మీది కేసులు కొట్టేసినా రాలేకపోయాడు. 2010లో ఖతర్ పౌరుడయ్యాడు, 2011 జూన్‌లో లండన్‌లో పోయాడు. మావాళ్లు కూడా తక్కువ తినలేదు. 2004లో ఆయన తీసిన 'మీనాక్షి' సినిమాలో, అందులో మన హైదరాబాదు కథే ఉంటుంది, ఒక ఖవ్వాలీ మాటలు దీన్‌కు విరుద్ధమన్నారు. ఆయనే సినిమాను హాళ్లలోంచి తీసేసుకున్నాడు.

ఇప్పుడు పటాల షాపులో హుసేన్ ప్రింటు అడిగితే గుర్రాలే చూపిస్తారు. ఆయన రామాయణం ఎవరూ అడగరు, ఎవరూ అచ్చు వేయరు. గుర్రానికి మతం లేదు. మాకది ఎర్రకప్పు ఇల్లు, మంచుకొండలు గుర్తుచేస్తుంది.

పెడన అచ్చుల కలంకారీ గుడ్డ కూడా ఇట్లాంటి వింతే. కలంకారీ అన్నది పారసీ మాట, కలంతో చేసిన పని అని. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవు నుంచి ఇరాన్‌కు పోయిన గుడ్డల్లో నమాజు గుడ్డలుండేవి. వాటి మీద మిహ్రాబ్ కమాను, అందులో పూలచెట్టు. ఆ కమానూ ఆ చెట్టూ ఇప్పుడు మన ఇళ్లలో గోడ గుడ్డలయ్యాయి. ఒక మిత్రుడింట్లో, పూజగది తలుపు పక్కనే, అట్లాంటిది వేలాడుతోంది. ఎంతో ముచ్చటగా ఉంది. అది మిహ్రాబ్ అని చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే దించేస్తారేమోనని ఊరుకున్నాం. పాతికేళ్ల స్నేహం తర్వాత కూడా ఊరుకున్నామంటే తప్పు ఆయనదో మాదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇంకో ఇంట్లో మాత్రం ఊరుకోలేదు. అక్కడ జరిగింది చెప్పడానికే ఇంత రాశాం.

హైదరాబాదులో మాకు తెలిసిన డాక్టరుగారు కొత్త ఇల్లు కట్టుకుని దావత్‌కు పిలిచారు. హాలు గోడ మీద నాలుగడుగుల కాన్వాసు. పాత కాగితం రంగు, దాని మీద ఉర్దూ రాత, పైన నిజాం స్టాంపు ముద్ర. అలంకరించిన అమ్మాయి జుమేరాత్ బజార్లో పాత స్టాంపు కాగితం ఒకటి కొని, పెద్దది చేసి కాన్వాసు మీద ప్రింటు వేయించిందట. లేత గోధుమరంగు సోఫాకు అది బాగా కలిసింది. ఎత్తు కూడా సరిగ్గా 145 సెంటీమీటర్లే. చుట్టూ చేరినవాళ్లతో డాక్టరుగారు 'మా భాయ్ వచ్చాడు, ఇప్పుడు షాయరీ వింటారు చూడండి' అన్నారు. 'గాలిబా భాయ్, ఇంకెవరన్నానా?' అని అడిగారు.

అది షికస్తా రాత. కచేరీల్లో గుమస్తాలు కలం ఎత్తకుండా గబగబా రాసే రాత. చుక్కలుండవు, మాటలు ఒకదాంట్లోకి ఒకటి పోతాయి. అద్దాలు తుడుచుకుని చదవడానికి పది నిమిషాలు పట్టింది. 1345 ఫస్లీ, బహ్మన్ నెల. అంటే 1935-36 నాటిది. షాయరీ కాదు, రెహన్‌నామా. తాకట్టు కాగితం. నల్లగొండ జిల్లాలో ఒక పల్లె పద్మశాలి తన పెంకుటింటినీ అందులోని గుంటమగ్గాన్నీ నూటయాభై హాలీ రూపాయలకు సాహుకారు దగ్గర తాకట్టు పెట్టాడు. ఫలానా గడువులోగా తీర్చలేకపోతే ఇంటి మీద తనకు గాని తన వారసులకు గాని హక్కు ఉండదు. అప్పు తీసుకున్నవాడిదీ ఇచ్చినవాడిదీ తెలుగు పేర్లే. సాక్షి ఒక సాయెబు. అడుగున నల్లటి మరక ఒకటుంది, దాన్ని అలంకరణ అమ్మాయి సిరా చుక్క అనుకుని అందంగా ఉందని ఇంకాస్త చిక్కగా చేయించింది. అది నిషాన్ అంగూఠా. వేలిముద్ర. నాలుగడుగుల కాన్వాసులో అది అరచేయంత అయ్యింది, గీతలు కూడా కనపడుతున్నాయి.

మేం చదివిందంతా తెలుగులో చెప్పాం. ఉర్దూ అంటే నవాబుల సంగతి అనుకున్న గోడ మీద ఒక సాలెవాడి అప్పు ఉంది. ఉర్దూ అంటే మాది అనుకుని ముందుకు నడిచిన మాకు కూడా అందులో సాక్షి సంతకమే దక్కింది. హాల్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒకావిడ 'నూటయాభైకి ఇల్లా' అంది. డాక్టరుగారి తల్లి, ఎనభై ఏళ్లుంటాయి, కుర్చీలోంచి లేచి వచ్చి ఆ వేలిముద్రను చూసి, 'విడిపించుకున్నాడా నాయనా?' అని మమ్మల్ని అడిగింది. కాగితంలో అది ఉండదని చెప్పాం.

నెల తిరక్కుండా డాక్టరుగారి నుంచి ఫోను. అప్పుకాగితం హాల్లో ఉండటం వాస్తుకు మంచిది కాదని ఎవరో చెప్పారట. పారేయడానికి మనసొప్పడం లేదు, మీకు పనికొస్తుందా భాయ్ అని అడిగారు. ఆ గోడకు ఇప్పుడేం పెట్టారని అడిగాం. గుర్రాలు, అన్నారు.

ఆటోలో అడ్డంగా పెట్టుకుని తెచ్చుకున్నాం. పెద్దాయన ఇచ్చిన రెండు మేకుల్లో ఒకదానికి శివకాశీ మక్కా ఉంది, తలుపుకెదురుగా కాదు, పక్క గోడకు, చూపు ఎత్తులో. రెండోదానికి మా అమ్మాయి తన కాలేజీ స్నేహితురాలు చేసిన ఎచింగు తగిలించింది, బీడీలాకు కత్తిరిస్తున్న చేతులు, అడుగున పెన్సిల్‌తో 3/10. కాన్వాసు బీరువా వెనక నిలబెట్టి ఉంది, వేలిముద్ర గోడ వైపు తిరిగి. మూడో మేకు సంగతి పెద్దాయన్ను ఈ ఒకటో తారీఖున కిరాయి ఇచ్చేటప్పుడు అడగాలి.